ఆత్మరక్షణ ఆయుధం – లైసెన్సుదారుల బాధ్యతలు: ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేపథ్యంలో సమగ్ర సమాచారం

ఆత్మరక్షణ నిమిత్తం లైసెన్సు పొందిన తుపాకిని బహిరంగ ప్రదేశంలో వెంట తీసుకువెళ్ళే వ్యక్తి దానిని పూర్తిగా కప్పి ఉంచవలెను. అదే సమయంలో అది తన అదుపు తప్పకుండా చూసుకొనవలెను. 2016 సంవత్సరపు ఆయుధ నియమావళి విధించిన ఈ రెండు షరతులు పైకి చిన్నవిగా కనిపించినా, ఆయుధ లైసెన్సు విధానం యొక్క ఉద్దేశమంతా వీటిలోనే ఇమిడి ఉన్నది. తుపాకి ప్రదర్శనకు గాని, పలుకుబడిని చాటుకొనుటకు గాని ఉద్దేశించినది కాదు. ప్రాణాపాయం ఎదురై, మరొక మార్గం లేని క్షణానికి మాత్రమే చట్టం దానిని అనుమతించినది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో లైసెన్సుదారులు పాటించవలసిన నిబంధనలు, అధికారులు పరిశీలించవలసిన అంశాలు, పాత్రికేయులు గమనించవలసిన తేడాలు ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

చారిత్రక నేపథ్యం

దక్షిణ తెలంగాణలోని ఈ రెండు జిల్లాలకు తుపాకితో గల పరిచయం పాతది, బాధాకరమైనది. హైదరాబాద్ సంస్థానంలో దేశ్‌ముఖుల గడీలు సాయుధులైన అనుచరులతో నిండి ఉండేవి. 1946 జూలై 4న ఆనాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించారు. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి ఆ ఘటన నాంది అయినది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైనది. 1951 అక్టోబరులో పోరాటం విరమింపబడినది.

అనంతర దశాబ్దాలలో నల్లమల అడవులను ఆనుకొని ఉన్న ప్రాంతాలు తీవ్రవాద హింసను చవిచూశాయి. 1993లో మహబూబ్‌నగర్ జిల్లా ఎస్పీ పరదేశి నాయుడు సోమశిల ప్రాంతంలో మందుపాతర పేలుడుకు బలయ్యారు. 2000 మార్చి 7న భువనగిరి శాసనసభ్యుడు, అప్పటి రాష్ట్ర మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి ఘట్‌కేసర్ వద్ద మందుపాతర పేలుడులో మరణించారు. 2001 డిసెంబరులో దేవరకొండ శాసనసభ్యుడు రాగ్యానాయక్, 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డి హత్యకు గురయ్యారు. నర్సిరెడ్డితో పాటు ఆయన కుమారుడు సహా పలువురు ప్రాణాలు కోల్పోయారు. రెండు రోజుల తరువాత అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మావోయిస్టు పార్టీపై తిరిగి నిషేధం విధించినది.

ప్రాణభయం ఉన్నవారు ఆయుధ లైసెన్సు కోరడానికి ఈ చరిత్ర ఒక కారణం. హైదరాబాద్ నగర విస్తరణతో భువనగిరి, చౌటుప్పల్, షాద్‌నగర్, జడ్చర్ల ప్రాంతాలలో భూముల విలువ పెరిగి, భూ వివాదాలు, బెదిరింపులు అధికం కావడం మరొక కారణం. భువనగిరికి చెందిన నయీముద్దీన్ 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసు కాల్పులలో మరణించిన తరువాత, బెదిరించి భూములు రాయించుకొన్నారంటూ పలువురు బాధితులు ఫిర్యాదులతో ముందుకు వచ్చారు.

అయితే ఇదే చరిత్ర మరొక సత్యాన్ని కూడా తెలియజేస్తున్నది. మంత్రికి, జిల్లా ఎస్పీకి సాయుధ భద్రత ఉండినప్పటికీ మందుపాతర ముందు తుపాకులు అక్కరకు రాలేదు. చేతి తుపాకి సర్వరక్షక కవచం కాదు. దాని ఉపయోగం అతి స్వల్పమైన పరిధికి లోబడినది. దాని వలన కలిగే బాధ్యత మాత్రం లైసెన్సు అమలులో ఉన్నంత కాలం ప్రతిరోజూ ఉంటుంది.

హక్కు కాదు, షరతులతో కూడిన అనుమతి

1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో నియమాలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కు ప్రస్తావన కలదు. స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగ సభలో ఈ అంశం చర్చకు వచ్చినప్పటికీ ప్రాథమిక హక్కులలో దానికి చోటు లభించలేదు. 1878 నాటి ఆయుధ చట్టం స్థానంలో పార్లమెంటు 1959లో కొత్త ఆయుధ చట్టాన్ని చేసినది. అది 1962 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చినది. చట్టాన్ని గౌరవించే పౌరునికి నిజమైన అవసరం ఉన్నప్పుడు ఆయుధం లభించునట్లు, ప్రమాదకరమైన చేతులలోకి అది పోకుండునట్లు చూచుట ఈ చట్టం యొక్క ఆశయం.

అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజ్యాంగంలో ఆయుధం ధరించే హక్కు ఉన్నది. 2022లో ఆ దేశ సుప్రీంకోర్టు ఇంటి బయట ఆయుధం ధరించుటకు కూడా ఆ హక్కు వర్తిస్తుందని తీర్పు ఇచ్చినది. భారతదేశంలో అటువంటి ప్రాథమిక హక్కు లేదని మన సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో అక్రమ ఆయుధాలకు సంబంధించిన ఒక కేసు విచారణ సందర్భంగా గుర్తు చేసినది. కావున ఇక్కడ లైసెన్సు అనునది ప్రభుత్వం షరతులతో ఇచ్చు అనుమతి. షరతు తప్పినచో అనుమతి రద్దగును.

లైసెన్సు పొందు విధానం

చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం తుపాకి గాని, తూటాలు గాని కలిగి ఉండుటకు లైసెన్సు తప్పనిసరి. జిల్లాలలో జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు, పోలీసు కమిషనరేట్ల పరిధిలో పోలీసు కమిషనరు లైసెన్సింగ్ అధికారులు. 2016 అక్టోబరు 11న నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా ఏర్పడినది. మహబూబ్‌నగర్ జిల్లా నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా ఏర్పడ్డాయి. కొన్ని మండలాలు ఇతర జిల్లాలలో కలిశాయి. పాత జిల్లా పేరున లైసెన్సు పొందినవారు తమ ప్రస్తుత లైసెన్సింగ్ అధికారి ఎవరో నిర్ధారించుకొని, రికార్డులు అక్కడ సక్రమంగా ఉన్నవో లేవో చూసుకొనవలెను.

దరఖాస్తును ఫారం ఎ-1లో సమర్పించవలెను. దరఖాస్తుదారునికి 21 సంవత్సరాలు నిండి ఉండవలెను. గుర్తింపు, నివాస ధ్రువపత్రాలతో పాటు శారీరక, మానసిక ఆరోగ్యంపై వైద్య ధ్రువపత్రం, ఆయుధ భద్రతా శిక్షణ పొందినట్లు ధ్రువపత్రం, ఆయుధాన్ని సురక్షితంగా భద్రపరచగలనన్న హామీ జతచేయవలెను. సంబంధిత పోలీసు స్టేషన్ నుండి నివేదిక తెప్పించుకొనిన తరువాతనే లైసెన్సింగ్ అధికారి నిర్ణయం తీసుకొంటారు.

వృత్తి, వ్యాపారం లేదా ఇతర కారణాల రీత్యా ప్రాణానికి, ఆస్తికి రక్షణ నిజంగా అవసరమైనవారు, సైన్య, పోలీసు దళాలలో పనిచేస్తున్న లేదా పనిచేసిన వారిలో అటువంటి అవసరం ఉన్నవారు, షూటింగ్ క్రీడాకారులు దరఖాస్తు చేయుటకు అర్హులు. ఆస్తిపాస్తులు లేవన్న ఒక్క కారణంతో దరఖాస్తును తిరస్కరించరాదని చట్టం స్పష్టంగా చెప్పుచున్నది. అట్లే ఆస్తి ఉన్నంత మాత్రాన లైసెన్సు రాదు. ప్రజాశాంతికి, భద్రతకు భంగమని భావించినచో అధికారి తిరస్కరించవచ్చును. తిరస్కరణకు కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయవలెను. ఆ ఉత్తర్వుపై అప్పీలు చేసుకొనే అవకాశం కలదు.

సాధారణ లైసెన్సుపై లభించు ఆయుధాలలో 0.32 రివాల్వర్లు, పిస్తోళ్ళు, 12 బోరు తుపాకులు ముఖ్యమైనవి. 9 మి.మీ. పిస్తోలు, 0.303 రైఫిల్ వంటివి నిషిద్ధ బోరు కిందకు వస్తాయి. వీటికి కలెక్టరు లైసెన్సు ఇవ్వజాలరు. కేంద్ర హోం మంత్రిత్వ శాఖ అనుమతి అవసరం. 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం మహిళల రక్షణను దృష్టిలో ఉంచుకొని సుమారు 500 గ్రాముల బరువు గల ‘నిర్భీక్’ రివాల్వరును విడుదల చేసినది. ఆయుధం తేలికైనదైనా లైసెన్సు షరతులు అందరికీ సమానమే.

2019 డిసెంబరు 14 నుండి అమలులోకి వచ్చిన సవరణ చట్టం ప్రకారం ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గినది. అదనపు ఆయుధాన్ని ఏడాదిలోగా అప్పగించవలసి ఉండినది. లైసెన్సు కాలపరిమితి మూడు సంవత్సరాల నుండి ఐదు సంవత్సరాలకు పెరిగినది. గడువు ముగిసిన లైసెన్సుతో ఆయుధం కలిగి ఉండుట లైసెన్సు లేకుండా కలిగి ఉండుటతో సమానమైన చిక్కులను తెచ్చును. కావున గడువుకు ముందుగానే పునరుద్ధరణకు దరఖాస్తు చేయవలెను.

వెంట తీసుకువెళ్ళునప్పుడు

బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకిని శరీరానికి తగిలించుకొనే తోలు ఒరలో గాని, అందుకు తగిన సంచిలో గాని ఉంచవలెను. పొడవాటి తుపాకులను వాటి కొరకు తయారైన సంచిలోనే తీసుకువెళ్ళవలెను. ఏ ఆయుధమైనను బయటకు కనిపించకుండా పూర్తిగా కప్పి ఉండవలెను. బహిరంగంగా తుపాకి ఊపుట, చూపి బెదిరించుట, గాలిలో కాల్చుట నిషేధం. శబ్దం మాత్రమే చేయు ఖాళీ తూటాలను కాల్చుట కూడా ఈ నిషేధం పరిధిలోనిదే.

కప్పి ఉంచుట ఒక్కటే చాలదు. దుస్తుల మాటున సరైన ఒర లేక నడుము వద్ద దోపుకొన్న పిస్తోలు కనిపించదు గాని, వాహనం ఎక్కునప్పుడు, వంగునప్పుడు జారిపోవచ్చును. ట్రిగ్గరుకు బట్ట తగిలి పేలవచ్చును. ట్రిగ్గరును పూర్తిగా కప్పే గట్టి ఒర ఉండవలెను. తుపాకి ఉన్న సంచిని కారు సీటుపైన, హోటల్ బల్లపైన, బస్సు సామాను అరలో వదిలి వెళ్ళుట అదుపులో ఉంచుకొనుట కాదు. డ్రైవరుకు, అనుచరునికి, బంధువుకు మోయుటకు ఇచ్చుట తగదు. లైసెన్సు ఎవరి పేరున ఉన్నదో ఆయుధం వారి వద్దనే ఉండవలెను. మద్యం సేవించు సందర్భాలకు ఆయుధంతో వెళ్ళరాదు.

ప్రతి తుపాకిని తూటా నిండి ఉన్నదిగానే భావించుట, కాల్చవలసిన క్షణం వరకు వేలును ట్రిగ్గరుకు దూరంగా ఉంచుట, గొట్టాన్ని మనుషుల వైపు తిప్పకుండుట, గురి వెనుక ఏమున్నదో ఎరుగుట – ఈ నాలుగు సూత్రాలు ఏ భద్రతా శిక్షణలోనైనా మొదటి పాఠాలు. శిక్షణ ధ్రువపత్రం పొందిన నాటితో అభ్యాసం ఆగిపోకూడదు.

ఆయుధంతో పాటు లైసెన్సు పుస్తకం వెంట ఉండవలెను. చట్టంలోని 19వ సెక్షన్ కింద పోలీసు అధికారి లైసెన్సు చూపమని కోరవచ్చును. ఆ సమయంలో లైసెన్సుదారుడు తన వద్ద ఆయుధం ఉన్న సంగతిని నోటితో స్పష్టంగా తెలిపి, చెప్పకుండా ఒర వైపు చేయి చాపకుండుట ఇరువురికీ శ్రేయస్కరం. ప్రజల కంట పడకుండా కప్పి ఉంచుట చట్టం కోరినది. తనిఖీ అధికారి వద్ద దాచుట కాదు.

ప్రాంత పరిధి

లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లునో పుస్తకంలోనే పేర్కొని ఉంటుంది. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగిన తరువాత ఈ జిల్లాలవారికి ఇది మరింత ముఖ్యమైనది. జాతీయ రహదారి 44పై అలంపూర్ చౌరస్తా దాటి తుంగభద్ర వంతెన మీదుగా కర్నూలుకు, జాతీయ రహదారి 65పై కోదాడ దాటి విజయవాడ వైపునకు, నాగార్జునసాగర్ వద్ద కృష్ణానది ఆవలికి వెళ్ళినచో అది ఆంధ్రప్రదేశ్. నారాయణపేట, మక్తల్ ప్రాంతాల నుండి కొద్ది దూరంలోనే కర్ణాటకలోని రాయచూరు. తెలంగాణకు మాత్రమే పరిమితమైన లైసెన్సుతో ఈ హద్దులు దాటుట షరతుల ఉల్లంఘన అగును. పెళ్ళికి, వైద్యానికి, వ్యాపారానికి నిత్యం రాకపోకలు సాగించువారు ముందుగానే పరిధి విస్తరణ కోరవలెను. లేదా ఆయుధాన్ని ఇంటిలో భద్రపరచి వెళ్ళవలెను. నివాసం హైదరాబాద్‌కు మార్చుకొన్నవారు ఆ మార్పును లైసెన్సింగ్ అధికారులకు తెలియజేయవలెను.

జాతరలు, పెళ్ళిళ్ళు, ఎన్నికలు

ప్రత్యేక అనుమతి లేనిదే సంతలకు, జాతరలకు, మతపరమైన ఊరేగింపులకు, బహిరంగ సభలకు, విద్యాసంస్థల ఆవరణలోనికి ఆయుధం తీసుకువెళ్ళరాదని లైసెన్సు షరతులలోనే ఉన్నది. సూర్యాపేట సమీపంలో రెండేళ్ళకోసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతర, చెరువుగట్టు, కురుమూర్తి, మన్యంకొండ ఉత్సవాలు, నల్లమలలోని సలేశ్వరం జాతర వంటి సందర్భాలలో తొక్కిసలాటకు అవకాశం ఉన్నచోట తుపాకి ఉండుట ఎంత ప్రమాదమో వివరించనవసరం లేదు. దసరా నాడు ఆయుధ పూజ చేయువారు తూటాలు తీసివేసి, ఇంటిలోపలనే పూజ ముగించి, తిరిగి తాళం వేయవలెను.

పెళ్ళి బరాత్‌లలో, విజయోత్సవాలలో సంబరంగా కాల్పులు జరుపుటను 2019 సవరణ ప్రత్యేక నేరంగా పేర్కొన్నది. నిర్లక్ష్యంగా లేదా సంబరం కోసం కాల్చి ఇతరుల ప్రాణాలకు, భద్రతకు ముప్పు కలిగించినచో రెండేళ్ళ వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చును. గాలిలోకి కాల్చిన తూటా తిరిగి నేలకే వచ్చును.

ఎన్నికల ప్రకటన వెలువడిన వెంటనే లైసెన్సు ఆయుధాల సమీక్ష జరుగుతుంది. ఎన్నికల సంఘం ఆదేశాల మేరకు జిల్లా స్థాయి స్క్రీనింగ్ కమిటీ నిర్ణయించిన విధంగా ఆయుధాలను అప్పగించి రసీదు పొందవలెను. ఎన్నికల ప్రక్రియ ముగిసిన తరువాత తిరిగి తీసుకొనవచ్చును. సాధారణ ఎన్నికలకు తోడు హుజూర్‌నగర్ (2019 అక్టోబరు), నాగార్జునసాగర్ (2021 ఏప్రిల్), మునుగోడు (2022 నవంబరు) ఉప ఎన్నికల కారణంగా నల్లగొండ ప్రాంతంలో ఎన్నికల నియమావళి అదనంగా అమలులోకి వచ్చినది. అప్పగింత శిక్ష కాదు, అనుమానానికి గుర్తు కాదు. అది అందరి భద్రత కొరకు తీసుకొనే ముందు జాగ్రత్త.

ఇంటిలో భద్రత

లైసెన్సు ఆయుధం అత్యధిక కాలం ఇంటిలోనే ఉంటుంది. కావున ప్రమాదానికి అవకాశం ఎక్కువగా ఉన్నది కూడా అక్కడనే. దిండు కింద, బట్టల బీరువాలో, పూజా మందిరంలో ఆయుధం పెట్టు అలవాటును మానుకొనవలెను. తూటాలు తీసివేసి, గోడకు లేదా నేలకు బిగించిన ఇనుప పెట్టెలో ఉంచి తాళం వేయవలెను. తూటాలను వేరుగా మరొక తాళం కింద ఉంచవలెను. తాళంచెవి పిల్లలకు తెలియని చోట ఉండవలెను. ఇంటిలో ఎవరైనా తీవ్రమైన మానసిక వేదనలో ఉన్నప్పుడు, మద్యపానం వలన గొడవలు జరుగుతున్నప్పుడు ఆయుధాన్ని తాత్కాలికంగా పోలీసు స్టేషనులో లేదా లైసెన్సు గల డీలరు వద్ద డిపాజిట్ చేయుట వివేకవంతమైన పని. ఆయుధం పోయినచో, దొంగిలింపబడినచో ఆలస్యం చేయక సమీప పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయవలెను.

లైసెన్సుదారుడు మరణించినప్పుడు ఆయుధం వారసునికి దానంతట అదే సంక్రమించదు. కుటుంబ సభ్యులు దానిని అనవసర జాప్యం లేకుండా సమీప పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల డీలరు వద్ద గాని డిపాజిట్ చేయవలెను. అనంతరం వారసుడు తన పేరున లైసెన్సుకు దరఖాస్తు చేసుకొనవచ్చును. పాత కుటుంబాలలో తాతల కాలం నాటి 12 బోరు తుపాకి అటకపై ఉండిపోయి, ఎవరి పేరునా లైసెన్సు లేకుండా మిగిలిపోవుట వారసులను తెలియకుండానే నేరం అంచుకు నెట్టును.

అభయారణ్యం పరిసరాలు, పంట రక్షణ

రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ పరిధిలోని నల్లమల అడవులు అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వ్యవహరింపబడుచున్నవి. ఇది నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాలలో విస్తరించి ఉన్నది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల పరిధిలో నివసించే ఆయుధ లైసెన్సుదారులు తమ పేరు నమోదు చేయించుకొనవలెను. ఆ పరిధిలో ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందస్తు సమ్మతి లేకుండా కొత్త లైసెన్సులు ఇవ్వరాదు. అచ్చంపేట, దేవరకొండ ప్రాంతాల దరఖాస్తులను పరిశీలించు అధికారులు ఈ అంశాన్ని మొదటనే చూడవలెను.

అడవిపందుల బెడద నుండి పంటను కాపాడుకొనుటకు ప్రత్యేక తరగతి లైసెన్సు ఉన్నది. అయితే లైసెన్సు ఉన్నంత మాత్రాన వన్యప్రాణిని చంపే అనుమతి ఉన్నట్లు కాదు. వన్యప్రాణి చట్టం కింద వేరుగా అనుమతి పొందవలెను. ఆత్మరక్షణకు ఇచ్చిన రివాల్వరును పంట కాపలాకు, వేటకు వాడరాదు. లైసెన్సు లేని నాటు తుపాకి ఏ అవసరానికైనా అక్రమ ఆయుధమే.

ఆత్మరక్షణ హక్కు – హద్దులు

తుపాకి కలిగి ఉండుటకు లైసెన్సు వేరు, దానిని కాల్చుటకు చట్టబద్ధమైన కారణం వేరు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 34 నుండి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును వివరిస్తున్నవి. అంతకు ముందు ఇవి భారతీయ శిక్షాస్మృతిలో 96 నుండి 106 వరకు ఉండేవి.

ప్రాణాపాయం, తీవ్ర గాయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటి దాడులు ఎదురైనప్పుడు దాడి చేసిన వ్యక్తి మరణానికి దారితీసే ప్రతిఘటనకు కూడా 38వ సెక్షన్ అవకాశం ఇచ్చుచున్నది. కాని 37వ సెక్షన్ రెండు గట్టి హద్దులు గీసినది. ప్రభుత్వాధికారుల రక్షణ పొందుటకు వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు లేదు. రక్షణకు అవసరమైన దానికి మించి హాని కలిగించుటకు ఏ సందర్భంలోనూ హక్కు లేదు.

ఆస్తి విషయంలో హద్దు మరింత సన్ననిది. దోపిడీ, సూర్యాస్తమయం నుండి సూర్యోదయం మధ్య ఇంటికి కన్నం వేయుట, నివాస గృహానికి నిప్పు పెట్టుట, ప్రాణభయం కలిగించే రీతిలో దొంగతనం లేదా గృహ అతిక్రమణ వంటి సందర్భాలకే 41వ సెక్షన్ ప్రాణాంతక ప్రతిఘటనను అనుమతించినది. గట్టు తగాదా, హద్దురాయి పెకలించుట, పగటిపూట పొలంలోనికి ట్రాక్టరు తోలుట, బోరు నీటి వివాదం ఈ జాబితాలో లేవు. అటువంటి వేళ తుపాకి బయటకు తీసిన వ్యక్తి బాధితుని స్థానం నుండి నిందితుని స్థానానికి మారును. ఈ జిల్లాలలో భూ వివాదాలే అధికం గనుక లైసెన్సుదారులు దీనిని ముఖ్యంగా గుర్తుంచుకొనవలెను.

ప్రమాదం తొలగిపోయిన క్షణానే హక్కు ముగియును. పారిపోతున్న వ్యక్తిపై పగతో కాల్చుట రక్షణ కాదు, ప్రతీకారం. అదే సమయంలో ప్రాణభయంలో ఉన్న వ్యక్తి తన ప్రతిఘటనను త్రాసులో తూచినట్లు కొలిచి చేయలేడని న్యాయస్థానాలు గుర్తించాయి. దర్శన్ సింగ్ కేసులో (2010) సుప్రీంకోర్టు ఆత్మరక్షణ హక్కుకు సంబంధించిన సూత్రాలను క్రోడీకరించినది: సహేతుకమైన భయం ఉన్నచాలు, దాడి జరిగి తీరవలసిన పని లేదు, అయితే హక్కు రక్షణకే గాని శిక్షించుటకు కాదు. ఆత్మరక్షణ కోసమే కాల్చినట్లు చూపవలసిన భారం భారతీయ సాక్ష్య అధినియమం 108వ సెక్షన్ మేరకు కాల్చిన వ్యక్తిపై ఉన్నది.

కాల్పులు జరిగిన అనంతరం లైసెన్సుదారుడు వెంటనే 112కు సమాచారం ఇవ్వవలెను. గాయపడినవారు దాడి చేసినవారే అయినను వైద్య సహాయం అందునట్లు చూడవలెను. ఘటనాస్థలంలోని తూటా తొడుగులను, వస్తువులను కదల్చరాదు. పోలీసులు వచ్చిన వెంటనే ఆయుధాన్ని, లైసెన్సును అప్పగించవలెను. ఘటనాస్థలం విడిచి పోవుట నిజమైన ఆత్మరక్షణను కూడా అనుమానాస్పదం చేయును.

ఉల్లంఘనలకు శిక్షలు

లైసెన్సు లేకుండా సాధారణ తుపాకి కలిగి ఉన్నచో 2019 సవరణ ప్రకారం రెండు నుండి ఐదేళ్ళ జైలు, జరిమానా. నిషిద్ధ ఆయుధం కలిగి ఉన్నచో ఏడు నుండి 14 ఏళ్ళ జైలు, జరిమానా. చట్టాన్ని ఉల్లంఘించి ఆయుధాన్ని ఉపయోగించినచో 27వ సెక్షన్ కింద మూడు నుండి ఏడేళ్ళ జైలు. లైసెన్సు షరతుల ఉల్లంఘనకు 30వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా రెండు వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. వీటికి తోడు 17వ సెక్షన్ కింద లైసెన్సును నిలిపివేయుటకు, రద్దు చేయుటకు అధికారం కలదు. 3వ సెక్షన్ ఉల్లంఘనపై ప్రాసిక్యూషన్‌కు 39వ సెక్షన్ ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి అవసరమన్న సంగతిని దర్యాప్తు అధికారులు విస్మరించరాదు.

విదేశాల నుండి వచ్చువారికి ప్రత్యేక సూచన అవసరం. అమెరికాలో పొందిన ఆయుధ అనుమతి భారతదేశంలో చెల్లదు. అక్కడి షూటింగ్ కేంద్రంలో వాడిన సంచిలో మిగిలిపోయిన ఒక్క తూటా శంషాబాద్ విమానాశ్రయ తనిఖీలో బయటపడినను కేసు నమోదు కావచ్చును. తెలిసి కలిగి ఉండుట నేరానికి ముఖ్యాంశమని సుప్రీంకోర్టు గున్వంత్‌లాల్ కేసులో (1972) వివరించినప్పటికీ, అది తేలులోగా ప్రయాణం ఆగిపోవును. బయలుదేరుటకు ముందే సంచులు పూర్తిగా ఖాళీ చేసి చూసుకొనుట మేలు.

పాత్రికేయులకు, అధికారులకు గమనిక

వార్తలలో లైసెన్సు గల తుపాకి, లైసెన్సు గడువు ముగిసిన తుపాకి, నాటు తుపాకి, నిషిద్ధ ఆయుధం అను నాలుగింటిని వేరువేరుగా పేర్కొనుట అవసరం. ప్రజాప్రతినిధుల అంగరక్షకుల వద్ద ఉండు ఆయుధాలు ప్రభుత్వానివి. అవి ఆ ప్రతినిధుల వ్యక్తిగత లైసెన్సు ఆయుధాలు కావు. రివాల్వరు, పిస్తోలు ఒకటి కావు. ‘ఆత్మరక్షణ కోసం కాల్పులు’ అను మాట దర్యాప్తు ముగియకముందు కాల్చిన వ్యక్తి వాదన మాత్రమే. దానిని నిర్ణయించునది న్యాయస్థానం. ప్రాణభయంతో లైసెన్సు పొందిన వ్యక్తుల నివాస వివరాలు ప్రచురించినచో ఆ భయం రెట్టింపగును.

లైసెన్సు పునరుద్ధరణకు వచ్చిన ప్రతి సందర్భంలోనూ అధికారులు ఐదు ప్రశ్నలు వేసుకొనవచ్చును. మొదట చెప్పిన ప్రాణభయం ఇంకను ఉన్నదా? ఆయుధం, తూటాలు లెక్కకు సరిపోయినవా? ఇంటిలో భద్రపరచు ఏర్పాటు ఉన్నదా? లైసెన్సుదారుని ఆరోగ్యం, ప్రవర్తన, కేసుల వివరాలు మారినవా? నివాసం, ప్రాంత పరిధి సరిగా నమోదైనవా? భయం తొలగినచోట లైసెన్సును స్వచ్ఛందంగా అప్పగించుటకు లైసెన్సుదారుని ప్రోత్సహించుట కూడా ఈ సమీక్షలో భాగమే. నిజమైన ముప్పు ఉన్నచోట జాప్యం లేకుండా నిర్ణయం తీసుకొనుట, ముప్పు లేనిచోట ఒత్తిడికి లొంగక తిరస్కరించుట – ఈ రెండూ ప్రజల ప్రాణరక్షణకు సంబంధించిన సమాన బాధ్యతలు.